అత్తరు వాసనకు ఆగిన మారుమనువు

నిన్న సినిమా హాల్లో ముందు వరుసాయన పూసుకున్న ఖస్ అత్తరు, తడిసిన వట్టివేళ్ల తడికలాంటి ఆ చల్లని వాసన, తెర మీద బొమ్మ కన్నా ముందే నన్ను పట్టుకుంది. సమీక్ష రాయమని పత్రికవాళ్లు పంపితే వెళ్లాను. చచ్చిపోయిన ప్రియుడు ఆత్మగా తిరిగొచ్చి, ఆమె ఇంకొకరిని చేసుకోబోతే దీపాలు ఆర్పి, చివరికి తన లోకానికి తీసుకుపోయే కథ. దేశంలోకెల్లా పెద్ద అవార్డు దీనికే ఇచ్చారు. పాటలు బాగున్నాయి, వానను ఇంత అందంగా తీసినవాళ్లు తక్కువ. అందుకే ఒళ్లు ఇంకా మండింది. ఇలాంటి అందమే ఒకసారి మా ఇంటిని ముంచింది.

గౌలిపురాలో మా ఇల్లంటే ముందు బర్రెల కొట్టం, వెనక మేముండే గదులు. నానిన తెలగపిండి పులుపు, పేడ వాసన, ఇత్తడి చెంబులో పడే పాలధార చప్పుడు, పిడకల పొగలో ఎర్రగా కాగుతున్న పాల కమ్మదనం, అన్నీ కలిసి తెల్లవారకముందే మమ్మల్ని లేపేవి. చలికాలం సకినాలు, బతుకమ్మకు బెల్లం కలిపిన మలీద ముద్దలు, ఎండాకాలం గోడనీడన గచ్చకాయల ఆట. ఆ ఆటలో మా మేనత్త రాజవ్వను ఓడించినవాళ్లు లేరు. పాలు పోసి వచ్చాక బాపు అరుగు మీద కూర్చొని, సంస్కరణ సభల్లో విన్న వాదాలన్నీ ఇరుగుపొరుగు మీద ప్రయోగించేవాడు. "దయ్యముంటే పగటీలి రమ్మను భాయ్, చాయ్ తాపిస్త" అంటే అరుగంతా నవ్వేది.

రాజత్త పెళ్లయిన ఏడాదికే ఆమె పెనిమిటి గత్తరలో వాంతులై పోయాడు. మా కులంలో మారుమనువు ఎన్నడూ తప్పు కాదు. మా నాయనమ్మ కూడా మారుమనువు మనిషే. పై కులాల ఆడవాళ్ల కోసం బాపు సభల్లో గొంతు చించుకుంటున్న హక్కు మా ఇంట్లో పొయ్యి అంత మామూలు సంగతి. యాకుత్‌పురా స్టేషన్లో పనిచేసే మల్లయ్య, భార్య పోయినవాడు, అత్తను అడిగాడు. అత్త సరేనంది. ఆ సంబరంలో బాపే మమ్మల్ని సినిమాకు తీసుకుపోయాడు.

పోస్టర్ మీద బంగారు పతకం బొమ్మ. ఏదో గొప్ప సభ ఆ సినిమాకు బహుమానం ఇచ్చిందట. ఆడవాళ్ల వైపు కట్టిన పరదా దీపాలారగానే పక్కకు జరిగింది. అదీ ఇలాంటి కథే, తెర మీద చచ్చిన ప్రియుడు వచ్చే ముందు ఖస్ అత్తరు వాసన వస్తుంది. తెరకు వాసన ఎక్కడిది? హీరోయిన్ ముక్కుపుటాలు అదిరాయి, మా అత్తవీ అదిరాయి. ఆత్మలు లేవని వాదించే హీరోయిన్ అన్న చివరికి లెంపలు వేసుకుంటాడు. ఆడవాళ్లంతా కొంగులతో కళ్లు తుడుచుకున్నారు.

తిరిగొస్తుంటే టాంగాలోనే లొల్లి మొదలైంది.

"గది ఉత్త కతనే రాజీ" అన్నాడు బాపు.

"ఉత్తగనే ఇస్తరా అన్నా బంగారు బిళ్ల?"

"బిళ్ల ఇచ్చింది సినిమాకు, దయ్యానికి గాదు!"

టాంగావాడు కూడా నవ్వాడు. అత్త నవ్వలేదు.

నాలుగు రోజులకు మాట ఖాయం చేసుకోవడానికి మల్లయ్య వచ్చాడు. తెల్ల ధోవతి కట్టి, పాపం, మంచిగా కనబడాలని ఖస్ అత్తరు పూసుకున్నాడు. పాలగ్లాసుతో గడప దాకా వచ్చిన అత్త ఆగిపోయింది. గ్లాసు కింద పడింది.

"వచ్చిండు. మా ఆయన వచ్చిండు. వద్దంటుండు."

"ఏందే గిట్ల? నీ మొగడు ఎన్నడన్న అత్తరు పూసిండా?" నాయనమ్మ కసిరింది. "బర్రెలు కడిగెటోడు, తెలగపిండి వాసన కొడ్తుండె!"

"వాసన గీ మల్లన్నదే రాజీ, దగ్గరకొచ్చి చూడు" అని బాపు బతిమాలాడు.

"సినిమల అన్న గూడ గిట్లనే అన్నడు" అంది అత్త. తలుపు వేసుకుంది.

సభల్లో ఎవరికీ తలవంచని బాపు ఆ తలుపు ముందు వంగి, కింద పడిన గ్లాసు తీశాడు. ఏం చెప్పినా సినిమా ముందే జవాబు నేర్పి పంపింది. మల్లయ్య మరోసారి వచ్చి అరుగు మీద చాలాసేపు కూర్చొని వెళ్లిపోయాడు. మా ఇంట్లో ఏనాడూ లేని చాదస్తాన్ని మా డబ్బులతోనే టికెట్టు కొని తెచ్చుకున్నాం.

కొన్నేళ్లకు, పాలగిన్నె కొనడానికి అత్తా నేనూ బేగంబజార్ వెళ్లాం. హమాలీల కేకల మధ్య, పసుపు కొమ్ముల ఘాటు మధ్య, ఖస్ అత్తరు. అత్త నా చేయి గట్టిగా పట్టుకుంది. మల్లయ్య, పక్కన పెళ్లాం, భుజం మీద చిన్నపిల్ల. మమ్మల్ని చూడకుండానే దాటిపోయాడు.

"వాసన... గీనదేనానే?"

"గీనదే అత్తా. గప్పుడు గూడ."

అత్త చేతిలోని గిన్నెను తిప్పి తిప్పి చూసింది. "సినిమల గట్ల జూపలేదు గదనే" అంది. మళ్లీ ఎవరూ ఆమెను మనువు అడగలేదు. ఆమె మళ్లీ గచ్చకాయలు ముట్టలేదు.

ఇప్పుడు ఆ కొట్టం లేదు, టాంగాలు లేవు, బాపు అరుగూ లేదు. అవార్డుల సభలు మాత్రం ఉన్నాయి. ఆత్మను నమ్మని అన్న నిన్నటి సినిమాలో కూడా ఉన్నాడు, చివర్న లెంపలు వేసుకున్నాడు, హాలంతా చప్పట్లు కొట్టింది. దీపాలు వెలిగాక ముందు వరుసలోని ఖస్ అత్తరు మనిషి లేచి, నిద్రపోతున్న కూతుర్ని భుజాన వేసుకొని, దారి ఇమ్మని నన్ను అడిగాడు. బతికున్న మనిషి. పక్కకు జరిగి దారి ఇచ్చాను.