పటం ముందున్న స్ట్రైకరు

చిత్తూరు టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరు ప్రసన్నకుమారి 1996లో ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, క్యారమ్ బోర్డు ముందు కూర్చుని ఒకే ఊపులో ఆట ముగించేసింది. ఎదుటి మనిషికి వంతే రానివ్వకుండా తెల్ల కాయిన్లన్నీ, వాటితోపాటు ఎర్రదాన్నీ గుంతల్లో వేసేసింది. వైట్ స్లామ్ అంటారు దాన్ని. జన్మంతా ఆడినవాళ్లకు కూడా ఒక్కసారైనా దొరుకుతుందన్న నమ్మకం లేదు. తోటి ఆపరేటరు జ్ఞానాంబ కలిపిన అన్నం అలాగే వదిలేసి చూస్తుండిపోయింది.

అత్తగారు నాగరత్నమ్మకు ఆట తెలియదు గానీ, ఏదో గొప్ప జరిగిందని మాత్రం అర్థమైంది. కాయిన్లను కొట్టే బిళ్ల, ఆ స్ట్రైకరును కోడలు ఇంటికి తెస్తే, కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కాణిపాకం వినాయకుడి పటం ముందు పెట్టేసింది. కోడలు మురిసిపోయిందే తప్ప వద్దనలేదు. తెలివితక్కువ పని. వేలికి అలవాటైన బిళ్ల దేవుడి దగ్గరికి పోయాక, వేరే ఏ బిళ్ల పట్టినా గురి కుదరలేదు. ఒకరోజు ఉండబట్టలేక దాన్ని తీసుకుని ఆఫీసుకు పోయింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురు భానుశ్రీ ఒళ్లు కాలిపోతోంది.

"దేవునికిచ్చింది ఎత్తుకోని పోతివి, బిడ్డకు జరమొచ్చె," అంది నాగరత్నమ్మ, గొంతు పెంచకుండానే. పెంచి ఉంటే ప్రసన్నకుమారి ఎదురు చెప్పేదే. కానీ ఆ నెమ్మదైన మాటకు ఆమె వెంటనే సంచి తెరిచింది. స్ట్రైకరు మళ్లీ పటం ముందుకు చేరింది. జ్వరమూ తగ్గింది. తగ్గించింది డాక్టరిచ్చిన మందేనని ఆమెకు తెలుసు. తెలిసినా భయం పోలేదు.

అంతలో తిరుపతిలో టెలిఫోన్ ఉద్యోగుల ఆటల పోటీలన్నారు. ఆ స్ట్రైకరుతో తప్ప ఆడొద్దని జ్ఞానాంబ పోరింది. భర్త అమర్‌నాథ్‌ను అడిగితే, అమ్మను అడగమని చెప్పి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. కొట్టింది నా వేలే కదా, దేవుడిదెలా అయిందని ప్రసన్నకుమారికి రోషం వచ్చింది. ఆ రోషంతోనే, అత్తగారు స్నానానికి వెళ్లిన సమయం చూసి, దాన్ని చేతిసంచిలో వేసుకుని బస్సెక్కింది.

ఊరు దాటకముందే రోషం కాస్తా జారిపోయింది. పొద్దున బిడ్డ నుదురు వెచ్చగా ఉందా, మామూలుగానే ఉందా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. చంద్రగిరిలో దిగి వెనక్కి పోదామని సీట్లోంచి లేచింది కూడా. జనం తోసుకుని ఎక్కుతుంటే మళ్లీ కూర్చుండిపోయింది.

తిరుపతిలో బోర్డు ముందు కూర్చున్నాక చేతి చెమటకు స్ట్రైకరు తడిసింది. ఎంత తుడిచినా పసుపు పూర్తిగా వదల్లేదు. మొదటి దెబ్బకే కాయిన్లను తప్పించుకుని అదే పోయి గుంతలో పడింది. తర్వాత ఏం ఆడిందో ఆమెకే తెలియదు. ఓడిపోయిందని ఎవరో చెబితే లేచి, నేరుగా ఎస్‌టీడీ బూత్‌కు పరుగెత్తింది.

ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. ఎవరూ తీయలేదు. ఉద్యోగంలో ఎన్ని ఇళ్లకు ఎన్ని చెడ్డ కబుర్లు కలిపిందో! ఇప్పుడు ఆ వైరు కొసన తన ఇల్లుంది. బిడ్డను ఆసుపత్రికి ఎత్తుకుపోయి ఉంటారనిపించింది. ఫోను పెట్టేసి మళ్లీ నంబరు తిప్పింది.

ఈసారి నాగరత్నమ్మ ఎత్తింది.

"భాను ఎట్లుండాది అత్తా?"

"ఎట్లుండేదేమి, పక్కింట్లో ఆడుకుంటా ఉండాది. దాన్ని పిలిచేదానికి పోయినాను." ఆ వెంటనే, "పటం ముందర అది లేదు," అంది. "గెలిస్తివా?"

"ఓడిపోయినానత్తా." ఆ మాట చెబుతుంటే ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నాగరత్నమ్మ, "పోన్లే. తెచ్చి ఆడనే పెట్టు," అంది.

"పెట్టనత్తా. ఓడిపోయింది దేవునికెందుకు? ఇంక అది నాదే."