బాపు మానేసిన బీడీ

మొన్న సిరిసిల్లలో మా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. ఇంటి వెనుక వరుసగా గదులు కట్టి, మరమగ్గాల మీద పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళకు గదికి నలుగురు చొప్పున అద్దెకిస్తున్నాడు. అలా ఇవ్వాలంటే మునిసిపాలిటీ అనుమతి కావాలట. నీళ్ళు, గాలి, మరుగుదొడ్లు ఉన్నాయో లేదో వచ్చి చూసి గాని ఇవ్వరట. ఆ అనుమతి కాగితానికి అద్దం కట్టించి హాల్లో బాపు, అంటే మా నాన్న, ఫోటో పక్కన తగిలించాడు. ముచ్చటపడి వెనక్కి వెళ్ళి చూస్తే, రెండు మరుగుదొడ్లలో ఒకదానికి తాళం. రెండోదాని ముందు బకెట్లతో మనుషులు వరుసగా నిలబడి ఉన్నారు. ఇదేమిటిరా అని అడిగితే, "వాళ్ళకు వాడుడు రాదక్కా, కరాబు చేస్తరు. సార్లు మళ్ళ చూడనీకి వస్తే ఒకటన్న నీటుగ ఉండాలె గదా" అన్నాడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ మాట వాడిది కాదు, బాపుది.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ కోసం పిల్లలు బళ్ళు వదిలి రోడ్డెక్కిన రోజుల్లో, నేను కోరుట్లలో కొత్తగా పంతులమ్మను. బడులు మూతబడడంతో జగిత్యాలలో మా ఇంటికి వచ్చి ఉన్నాను. బాపు హెడ్మాస్టరు చేసి దిగిపోయినవాడు. జాతకాలను, ముహూర్తాలను, అంటును, ముట్టును సభలలో చీల్చి చెండాడేవాడు. నా పెళ్ళి కూడా ముహూర్తం లేకుండా చేస్తానని పంతం పట్టినవాడు. నేను వాదించడం నేర్చుకున్నది ఆయన దగ్గరే. పెరట్లోని మూడు గదులు అద్దెకివ్వడానికి అనుమతి అడిగితే, మునిసిపాలిటీవాళ్ళు కిరాయిదార్లకు మరుగుదొడ్డి లేనిదే ఇవ్వమన్నారు. బాపు గోడలకు సున్నం వేయించి మరీ కట్టించాడు. వాళ్ళు వచ్చి చూసి, మెచ్చుకొని, అనుమతి ఇచ్చి వెళ్ళారు. ఆ సాయంత్రమే దానికి తాళం పడింది, చెవి బాపు మొలతాడుకు చేరింది.

మడి అని ఉంటే నేను ఎదురు తిరిగి ఉండేదాన్నేమో. బాపు ఆ మాట ఎన్నడూ అనలేదు. క్రిములు అన్నాడు, కలరా అన్నాడు, ఆరోగ్యశాస్త్రం అన్నాడు. శాస్త్రం పేరు చెప్పగానే నాకది న్యాయంగానే తోచింది.

మొదటి గదిలో మల్యాల వైపు నుంచి వచ్చిన ఒక జంట ఉండేది. తాతల నాటి నుంచి భూమి లేనివాళ్ళు, ఆదివారం చర్చికి పోయేవాళ్ళు. అతను మేస్త్రీల దగ్గర కూలి. ఆమె నిండు చూలాలు, పొద్దంతా గడపలో కూర్చొని బీడీలు చుట్టేది. కార్ఖానావాళ్ళు తీసుకోని బీడీలను కట్ట కట్టి బాపుకు తెచ్చి ఇచ్చేది. బాపు వాటిని ఇష్టంగా తాగేవాడు. ఆమెను మేమంతా మల్యాల అక్క అనేవాళ్ళం. కిరాయి గదుల ఆడవాళ్ళు తెల్లవారక ముందే ఊరి బయటికి పోయి వచ్చేవారు.

ఒక బంద్ నాడు ఆ దారి మూతబడింది. మూలమలుపులో పోలీసులు నిలబడి బయటికి వచ్చినవాళ్ళను తరుముతున్నారు. పొద్దెక్కింది. అక్క కడుపు పట్టుకొని వాకిట్లోకి వచ్చింది. బాపు అరుగు మీద బీడీ తాగుతూ, మన హక్కుల గురించి పక్కింటాయనతో మాట్లాడుతున్నాడు.

"సారూ, గా తాళంచెవి జర ఇయ్యుండ్రి. తొవ్వల పోలీసోళ్ళున్నరు. నాతోని అయితలేదు."

"నీ మీద కోపం లేదు బిడ్డా. మీకింక అలవాటు గాలేదు, రోగాలు వస్తయి. ముందుగాల శుభ్రత నేర్చుకోవాలె."

ఆమె బాపు నోట్లోని బీడీ వైపు వేలు చూపించింది. "గట్లనా సారూ. గా నోట్ల వెట్టుకున్న బీడి నేను జుట్టిందే. గీ చేతులతోనే జుట్టిన. మరి దానికి రోగం అంటదా?"

పక్కింటాయన కిసుక్కున నవ్వాడు. బాపు ముఖం నల్లబడింది. నోట్లోని బీడీ తీసి, దాని వంకే చూశాడు. ఆయన వాదంలో ఓడితే న్యాయంగా ఒప్పుకొనే మనిషి, కాబట్టి ఇప్పుడు చెయ్యి మొలతాడు మీదికి పోతుందనుకున్నాను. ఆయన బీడీని అరుగు అంచుకు రాసి ఆర్పాడు. మిగిలిన కట్ట ఆమె వైపు జరిపాడు. "నువ్వన్నది నిజమే. ఇగ నేను బీడి తాగ" అని లోపలికి వెళ్ళిపోయాడు. తాళం అలాగే ఉంది.

అక్క ఆ పగలు గదిలోనే చీర అడ్డం కట్టుకొని, మట్టికుండతో గడుపుకొంది. బస్సులు లేవు. మరునాడు సామానంతా ఎడ్లబండి మీద వేసుకొని, ఆ స్థితిలోనే మల్యాలకు వెళ్ళిపోయారు. మేం ఎవరం ఉండమనలేదు. కాన్పు ఎట్లా అయిందో నాకు ఈనాటికీ తెలియదు.

బాపు మళ్ళీ బీడీ ముట్టలేదు. ఆయన సంస్మరణ సభలో ఒక పెద్దాయన దీన్నే ప్రస్తావించి, హేతువుకు తలవంచి ఒక్క రోజులో దురలవాటు మానుకున్న మనిషి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ముందు వరుసలో కూర్చొని చేతులు ఒళ్ళోంచి తీయలేకపోయాను.

ఇప్పుడు టైల్స్ గోడలు వచ్చాయి, నల్లాలు వచ్చాయి, మనం అడిగిన రాష్ట్రమూ వచ్చింది. జగిత్యాల ఇల్లు అమ్మే ముందు ఆ మరుగుదొడ్డి తాళం నేనే పగలగొట్టించాను. గోడల సున్నం మాసిపోలేదు. నేల మీద మేస్త్రీ తాపీ గీతలు అలాగే ఉన్నాయి. మా ఇంట్లో అంత శుభ్రమైన చోటు మరొకటి లేదు.