రుమాలు కింద ఐదు వేళ్లు

నా చిన్నప్పుడు మా నాయినకు అన్ని మాటలూ వచ్చేవి, ఒక్క ధర చెప్పడం తప్ప. మురికి పట్టిన కారును ఒకసారి చుట్టూ తిరిగి చూశాడంటే ఎన్ని రోజుల పని ఉందో, ఎక్కడ ఎంత రుద్దాలో గడగడా చెప్పేవాడు. "మరి ఎంత తీసుకుంటవ్?" అని బండాయన అడగ్గానే నోరు పెగిలేది కాదు. నేలచూపులు చూస్తూ, చేతిలో గుడ్డను పిండుతూ, "మీరెంతిస్తె గంతే" అనేవాడు. ఆ మాట చెవిన పడితే చాలు, లోపల మా అమ్మ గిన్నెలతో కావాలని చప్పుడు చేసేది.

నారాయణఖేడ్‌లో బస్టాండు దాటాక కొంచెం లోపలికి మా ఇల్లు. ఇంటి ముందున్న రేకుల షెడ్డే నాయిన దుకాణం. ఊళ్లో కార్లు తక్కువ, జీపులే ఎక్కువ. మనూరు నుంచో నాగల్‌గిద్ద నుంచో వచ్చే జీపుకు అసలు రంగేదో కడిగితే గానీ తెలిసేది కాదు. నాయిన సీట్లు విప్పి దులిపేవాడు. వెలిసిన రంగు మీద రుద్దుడు మందు పెట్టి, ఆ పైన మైనం పూసి, మలమల్ గుడ్డతో గుండ్రంగా రుద్దుతూ ఉంటే సాయంత్రానికి బానెట్‌లో నా ముఖం కనబడేది. ఇప్పుడు మా అబ్బాయి ఇదే పని చేస్తూ బోర్డు మీద కార్ డిటెయిలింగ్ అని రాయించుకున్నాడు గానీ, అప్పట్లో అందరూ పాలిష్ పని అనేవాళ్లు.

ధర చెప్పలేని మనిషికి ఊరే ధర కడుతుంది. ఒక జీపు డ్రైవరు తన బిడ్డకు జ్వరం తగ్గితే బోరంచ నల్లపోచమ్మ దగ్గరికి తీసుకొస్తానని మొక్కుకున్నాడు. బిడ్డ లేచి తిరిగింది. మురికి బండిలో అమ్మవారి దగ్గరికి ఎట్లా పోవాలని వచ్చి మా షెడ్డు ముందు నిలబడ్డాడు. చేతిలో పెద్దగా ఏమీ లేదు. నాయిన రెండు రోజులు చాకిరీ చేసి ఇరవై రూపాయలకే బండి ఇచ్చి పంపాడు. ఆ పనికి నేను ఇప్పటికీ నాయినను తప్పు పట్టను. కానీ ఆ ఇరవై ఊరంతా తిరిగింది. తర్వాత ఎవరు వచ్చినా, "గా డ్రైవర్‌కు ఇరవైకి చేసినవట, నాకేంది ఎక్కువ?" అనేవాళ్లే. అలా అన్నవాళ్లలో మొక్కులున్నవాళ్లు ఒక్కరూ లేరు, ఇనప్పెట్టెలున్నవాళ్లే ఎక్కువ.

ఇదంతా ఒక ఎత్తు, నాయిన చెయ్యి ఒక ఎత్తు. ఏళ్ల తరబడి రుద్దీ రుద్దీ కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు అరచేతిలోకి వంగిపోయాయి. పొద్దున్నే నేను నీళ్లు కాచి గిన్నెలో పోసి ఇచ్చేదాన్ని. నాయిన చెయ్యి అందులో ముంచి కూర్చుంటే ఆ వేళ్లు కాస్త కదిలేవి. పూర్తిగా తెరుచుకోవడం మాత్రం ఎప్పుడో మానేశాయి. అన్నం మిగతా మూడు వేళ్లతోనే కలుపుకునేవాడు. ఎవరైనా అడిగితే అలవాటు అనేవాడు. దవాఖానలో చూపిస్తే, రుద్దుడు ఆపకపోతే మిగతా వేళ్లూ ఇదే దారి పడతాయన్నారు. రుద్దుడు ఆపితే తినేదేమిటో వాళ్లు చెప్పలేదు.

బీదర్‌లో ఒకాయన దగ్గర కరెంటుతో తిరిగే పాత పాలిష్ మిషన్ ఉందని తెలిసింది. చేత్తో రుద్దే పని అది చేస్తుంది. ఐదు వందలు చెప్పాడు, దసరా దాకా ఇంకెవరికీ ఇయ్యనన్నాడు. ఆ వర్షాకాలమంతా మా ఇంట్లో ఆ మిషన్ తప్ప వేరే ముచ్చట లేదు. అది వస్తే నాయిన చెయ్యి దక్కుతుంది, చెయ్యి దక్కితే మేము దక్కుతాము. పదేళ్ల దాన్నయినా ఆ సంగతి నాకు బాగా తెలుసు.

అప్పుడు మా తాత రంగంలోకి దిగాడు. తాత అంటే మా అమ్మకు నాయిన. పశువుల అంగడిలో దలాలీ చేసేవాడు. అక్కడ ఎద్దు ధర ఎవరూ పైకి చెప్పరు. అమ్మేవాడు, కొనేవాడు ఒక రుమాలు కప్పుకుని దాని కింద చేతులు కలుపుతారు. వేలికి ఇంత అని ముందే అనుకుంటారు. చెప్పేవాడు ఎన్ని వేళ్లు చాపితే అదే అతని ధర. ఎదుటివాడు వాటిని తడిమి చూసి, ఇష్టమైతే గట్టిగా పట్టుకుంటాడు, లేకపోతే తన లెక్క తాను వేళ్లతో చెప్తాడు. చుట్టూ వందమంది నిలబడి ఉన్నా ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఒకసారి గట్టిగా పట్టుకున్నాక మాత్రం తిరుగు లేదు.

"నీకు నోరు రాదు, నీ ధర ఊరికి తెల్వద్దు. రెంటికి ఒక్కటే మందు అల్లుడా," అని తాత తన తల రుమాలు తీసి నాయిన భుజం మీద వేశాడు. ఆ సాయంత్రం మంచం మీద కూర్చోబెట్టి మా అందరికీ నేర్పాడు. నేను మూడు వేళ్లు చాపి, తాత రెండు నొక్కితే మొండికేసి మళ్లీ మూడు చాపేదాన్ని. ఎద్దు అమ్ముడుపోయిందని తాత ఎగిరేవాడు. మా అమ్మ అంతలా నవ్వడం నేను ఆ తర్వాత చూడలేదు.

ఆ మంత్రం కొన్నాళ్లు పారింది కూడా. వేలికి పది రూపాయల లెక్కన నాయిన రెండు వేళ్లో మూడు వేళ్లో చాపేవాడు. నోటితో అడగలేనిది రుమాలు కింద అడగగలిగాడు. ఎవరికి ఎంతకు చేశాడో ఊరికి తెలియలేదు. జనం మొదట నవ్వినా, తర్వాత అదొక సరదా అయింది. నాయిన తలెత్తి నడవడం మొదలుపెట్టాడు.

దసరాకు ఇంకా నెల ఉందనగా కందుల సేటు కబురు పెట్టాడు. ఇంట్లో కన్నడం మాట్లాడే పాత వ్యాపార కుటుంబం వాళ్లది. సేటు తండ్రి పోయినప్పటి నుంచి ఆయన కారు గోదాములో బస్తాల మధ్యే పడి ఉంది. లోపల ఎలుకలు కాపురం పెట్టాయి, పైన రంగు చిట్లి తుప్పు పట్టింది. తండ్రి కారు దసరా పూజకు కొత్తదానిలా నిలబడాలని సేటు కోరిక. నాయిన వెళ్లి చూసి వచ్చి, పదిహేను రోజుల పని అన్నాడు. తాత కూడా వెళ్లి చూశాడు. ఐదు వందలకు తక్కువ చాపొద్దని, సేటు దానికి ఒప్పుకునే మనిషేనని చెప్పాడు. ఐదు వందలు అనగానే మేమందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము.

"గింత పెద్ద పనికన్న నోటితోని చెప్పరాదా?" అని అమ్మ అడిగింది. "నోటితోని చెప్తె రేపటికి ఖేడ్ మొత్తం తెలుస్తది," అని తాత కొట్టిపారేశాడు. నోటితో ఐదు వందలు అడగాలని తలుచుకుంటేనే నాయినకు చెమటలు పట్టేవి.

మర్నాడు పొద్దున్నే సేటు మా షెడ్డుకు వచ్చాడు. వేడి నీళ్లు పెట్టేంత టైం లేదు. వేలికి వంద అని తాతే ముందుగా చెప్పి, ఇద్దరి చేతుల మీదా రుమాలు కప్పి, పక్కకు జరిగాడు. సేటు కళ్లు మూసుకుని తడిమాడు. ఆయన ముఖంలో కొంచెం ఆశ్చర్యం, ఆ వెంటనే సంతోషం. "ఆయ్తు!" అని గట్టిగా చెయ్యి పట్టుకుని ఊపాడు. కన్నడంలో అయిపోయింది, ఒప్పుకున్నాను అని దాని అర్థం. నేను చప్పట్లు కొట్టబోయి నాయిన వైపు చూశాను. ఆయన ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయి ఉంది.

సేటు మలుపు తిరిగాడు.

"ఎన్ని పట్టిండు?" అని తాత అడిగాడు.

"మూడు."

"నువ్వెన్ని ఇచ్చినవ్?"

"ఐదిచ్చిన మామా. ఐదే ఇచ్చిన," అని నాయిన చెయ్యి చాపి చూపించాడు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు తెరుచుకున్నాయి. మిగతా రెండూ అరచేతిలోనే ముడుచుకుని ఉన్నాయి. అప్పటిదాకా చేసినవన్నీ రెండు మూడు వేళ్ల పనులే. ఐదు వేళ్లు చాపాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

తాత ఆ చెయ్యి అందుకుని, వంగిన వేళ్లను ఒక్కొక్కటే పైకి లేపడానికి చూశాడు. అవి రాలేదు. అంగడిలో దూరం నుంచి చూసి ఏ ఎద్దు ఏ కాలితో కుంటుతుందో చెప్పగల మనిషి, ఎన్నోసార్లు పక్కన కూర్చుని తిన్న అల్లుడి చెయ్యి ఎన్నడూ చూడలేదు. ఆయన సంగతి సరే. రోజూ ఆ చేతికి నీళ్లు కాచి ఇచ్చిన నాకేమైంది? నాకు తెలుసు. అందరికన్నా నాకే బాగా తెలుసు. ఆట ఆడుకున్న రోజునుంచి ఆ పొద్దుటి దాకా ఒక్కసారైనా నా బుర్రకు తట్టలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

సేటుకు చెప్పి వస్తానని పరుగెత్తబోయాను. తాత రెక్క పట్టుకుని ఆపాడు. "పట్టుకున్నంక అయిపోయింది బిడ్డా. ఇప్పుడు కాదంటె రేపటి సంది మనతోని ఎవడు చెయ్యి కలుపుతడు?" అన్నాడు. నాయిన కూడా తల అడ్డంగా ఊపాడు. "సేటుది తప్పేమున్నది? ఆయనకు మూడే తగిలినయ్," అన్నాడు.

మూడు వందలకు ఆ పని చేశాడు. అంగడి కూడా మానుకుని తాత రోజూ వచ్చేవాడు, గుడ్డ తీసుకుని కారుకు అవతలి వైపు కూర్చుని రుద్దేవాడు. క్షమించమని ఆయన అడగలేదు, ఎందుకు వస్తున్నావని నాయిన అడగలేదు. దసరా రోజు ఆ కారు నిగనిగలాడుతూ వెళ్లింది. సేటు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఇంటికి ఒక సంచి కందిపప్పు పంపాడు. ఆ సంతోషం పట్టలేక కనబడిన ప్రతివాడికీ చెప్పాడట: తన తండ్రి కారును మూడు వందలకే కొత్తది చేసిండు, గసుంటి మనిషి ఎక్కడా దొరకడు అని. తాత దాచమన్న ధర అలా ఊరంతా తెలిసిపోయింది.

బీదర్ మిషన్ వేరెవరో కొనుక్కున్నారు. మరుసటి వర్షాకాలానికి నడిమి వేలు కూడా వంగింది. గుడ్డ చేతిలో నిలవక జారిపోతుంటే నాయిన కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, షెడ్డు తలుపు వేసేశాడు. తర్వాత సేటు గోదాముకే కాపలా కుదిరాడు. ఆ కారు ఆయన కళ్ల ముందే మళ్లీ దుమ్ము పట్టింది.

ఇప్పుడు బీదర్ రోడ్డు మీద మా అబ్బాయి దుకాణం. నీళ్ల మిషన్లు, పాలిష్ మిషన్లు అన్నీ ఉన్నాయి. ధర మాత్రం నేనే చెప్తాను. కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చుని, కారు ఆగీ ఆగకముందే, రోడ్డు అవతలికి వినబడేలా నోటితో చెప్తాను. ముసల్ది కరుకు అని పేరు పడింది, పడనీ. ఆ రోజు నేను నేర్చుకున్నది అదొక్కటే. దానివల్ల ఏమైనా ఒరిగిందా అంటే లేదు. నేను చెప్పింది విని, ఫోను తీసి, జహీరాబాద్‌లో ఇంతకన్నా తక్కువకే చేస్తున్నారని చూపిస్తారు. తాళం చెవులు తిప్పుతూ వెళ్లబోతారు. మా వాడు వెనకనుంచి పిలిచి, "మీరెంతిస్తరో చెప్పుండ్రి," అంటాడు. ఆ గొంతు అచ్చం మా నాయినదే. తక్కువకు ఒప్పుకున్నాడు కాబట్టి ఎక్కువ కార్లు చెయ్యాలి, ఎక్కువ కార్లు చెయ్యాలి కాబట్టి పొద్దస్తమానం అదురుతూ గిర్రున తిరిగే ఆ మిషన్‌ను పట్టుకునే ఉండాలి. మిషన్ వస్తే చెయ్యి దక్కుతుందని ఒకప్పుడు మా ఇల్లంతా నమ్మింది.

దుకాణం మూసే ముందు రోజూ వాడి కుడిచెయ్యి నా ఒళ్లో పెట్టించుకుంటాను. ఐదు వేళ్లూ చాపమంటాను. "ఏందమ్మా, రోజు గిదే పరేషానా?" అని నవ్వుతూ చాపుతాడు. ఎందుకో వాడికి ఎన్నడూ చెప్పలేదు. మొన్నటిదాకా ఐదూ ఒక్కసారే తెరుచుకునేవి. నిన్న చిటికెన వేలు సగంలో ఆగింది. వాడు మాటల్లో పెట్టి, ఎడమచేత్తో దాన్ని మెల్లగా పైకి లాగాడు. నేను చూడలేదనుకున్నాడు.

ఈ పొద్దున వాడు లేవకముందే లేచి, పొయ్యి మీద నీళ్లు పెట్టాను.