బిలంలో మిరప ఘాటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గోతాలకు కూడా మడీ మైలా ఉండేవి. వడ్ల గోతాలు అటక మీద, మిరపకాయల గోతాలు పెరటి వసారాలో ఓ మూల. ఆ మూలలోవి ముట్టుకుంటే చేతులు కడుక్కునేదాకా కళ్లు నలుపుకోకూడదు, చంటిపిల్లల్ని ఎత్తుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వాటిని పొయ్యి దరిదాపులకు తేకూడదు. ఇవన్నీ మాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మిరప పండించే ఇంట్లో ఉగ్గుపాలతో పాటే పట్టేసేవాళ్లు. అందుకని ఆ రోజు నేను చేసిన పని తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు. అప్పుడూ లేదు, ఇంత వయసు వచ్చాక ఇప్పుడూ లేదు.

మా ఊరు సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ల వెళ్లే దారిలో ఉంది. ఊరి నుంచి ఎడ్లబండి మీద నాలుగైదు గంటలు పోతే గుత్తికొండ బిలం వస్తుంది. కొండ కడుపులోకి దిగే చీకటి గుహ. వంగి, పాకి, చాలా దూరం లోపలికి వెళితే అక్కడ నీళ్లుంటాయి. ఆ నీళ్లు నెత్తిన చల్లుకుని, చీకట్లో కొలువున్న మల్లయ్యకు దణ్ణం పెట్టుకుని రావడం మా వైపు పెద్ద పుణ్యం.

మా నాయనమ్మ కొత్త కోడలిగా ఉన్నప్పుడు అత్తింటివాళ్లు ఆమెను అక్కడికి తీసుకెళ్లారట. తీరా గుహ ముందుకు వెళ్లాక ఆమె అత్తగారు, "కడుపుతో ఉన్నదానివి, చీకట్లోకి రాకూడదు" అని చద్దిమూటల దగ్గర, చెప్పుల దగ్గర కాపలా కూర్చోబెట్టింది. లోపలికి వెళ్లినవాళ్లందరూ తడి తలలతో తిరిగొచ్చి, ఆ నీళ్లెంత చల్లగా ఉన్నాయో దారి పొడుగునా చెప్పుకున్నారట. "బండెడు మందిలో నా నెత్తి ఒక్కటే ఎండిపోయి ఉంది" అని నాయనమ్మ నవ్వుతూనే చెప్పేది. కానీ ప్రతి ఎండాకాలమూ చెప్పేది. అప్పుడు ఆమె కడుపులో ఉన్నది మా నాన్నే. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన తనేదో బాకీ పడ్డవాడిలా, "నేను తీసుకెళ్తాలేవే అమ్మా" అనేవాడు. అంటూ అంటూ ఆయనకే పిల్లలు పుట్టారు. నాయనమ్మకు మోకాళ్లు పట్టేశాయి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, కాయలు అమ్మేసి పొలం పనులు లేని ఎండాకాలంలో, నాన్న ఉన్నట్టుండి, "ఎల్లుండి బిలానికి పోతున్నాం" అన్నాడు. తొలి ఏకాదశికైతే జనం విరగబడతారు, ఆ తొక్కిడిలో ముసలావిడ నడవలేదని మామూలు రోజే ఎంచుకున్నాడు. నాయనమ్మ పైకి, "ఇప్పుడెందుకురా, నా మొహం" అంది గానీ, ఆ రాత్రే మోకాళ్లకు కట్టుకోవడానికి పాత చీర చింపి పట్టీలు చేసుకుంది. "ఈ ఏడు కాకపోతే ఇంక పైనుంచి చూడాల్సిందే" అని అమ్మతో అంటుంటే నేను విన్నాను.

లోపల వెలుగు కోసం నాన్న రెండు కాగడాలు కడదామనుకున్నాడు. ఒకటి పాత పంచె గుడ్డతో, రెండోది గోనెతో. నన్ను పిలిచి, అటకెక్కి చిరిగిన వడ్ల గోతం ఒకటి తెమ్మన్నాడు. నేను అచ్చనగాయలు ఆడుతున్నాను, గెలుస్తున్నాను కూడా. అటకెక్కాలంటే నిచ్చెన తెచ్చుకోవాలి, పైన ఎలుకలు. వసారాలో మూలనున్న గోతం చేతికందేంత దూరంలో ఉంది. దాన్ని పెరట్లోకి ఈడ్చుకెళ్లి, గింజలన్నీ రాలేదాకా దులిపి, నాలుగు తుమ్ములు తుమ్మి, ఇంక ఏం మిగిలిందిలే అనుకుని అరుగు మీద పడేసి ఆటకు పోయాను. సాయంత్రం నాన్న దాన్ని చీల్చి కర్రకు చుట్టి కిరసనాయిల్లో నానబెట్టాడు. ఆయన ముక్కు ఏమైందంటారా? మా ఇంట్లో మంచాలకీ, దుప్పట్లకీ, మనుషులకీ కూడా మిరప వాసనే. పైగా కిరసనాయిలు. ఎవరికి తెలుస్తుంది!

తెల్లవారుజామున బండి కట్టాం. నాన్న తోలుతున్నాడు. వెనక నాయనమ్మ, ఒళ్లో చంటి తమ్ముడితో అమ్మ, నేను. పిడుగురాళ్ల దగ్గరికి వచ్చేసరికి సున్నపు బట్టీల పొడి రాలి దారి పక్క చెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. నాయనమ్మ దారి పొడుగునా నాకు ముచుకుందుడి కథ చెప్పింది. యుద్ధాలు చేసీ చేసీ అలిసిపోయి ఆ గుహలోనే నిద్రపోయాడట ఆ రాజు. లేపినవాణ్ణి లేపినట్టే భస్మం చేశాడట. "మరి మనం చప్పుడు చేస్తేనో?" అని అడిగాను. "కృష్ణుడొచ్చి ఎప్పుడో పంపించేశాళ్లే" అంది.

గుహ ముందు లాంతరు పెట్టుకుని ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్లకు దారి చూపించడం ఆయన పని. నాన్న చేతిలో కాగడాలు చూసి, "ఎందుకయ్యా అవి, పొగ! నా లాంతరు చాలు" అన్నాడు. నాన్న వింటాడా? "మా అమ్మకు చూపు ఆనదు, వెలుగుండాలి" అన్నాడు. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని మూటల దగ్గర ఉండిపోయింది. నాయనమ్మ పట్టీలు బిగించుకుని, కొంగు నడుముకు దోపి, ఒక్కసారి వెనక్కి తిరిగి తను ఒకప్పుడు కూర్చున్న రాయిని చూసుకుని లోపలికి అడుగుపెట్టింది.

చల్లగా ఉంది. గబ్బిలాల వాసన. ఎండలోంచి వచ్చామేమో ఒళ్లంతా హాయిగా ఉంది. అడుగడుక్కీ పెద్దాయన, "తల చూసుకో అమ్మా, జారుద్ది, ఇటు పట్టుకో" అంటూ నడిపిస్తున్నాడు. పంచె కాగడా సగం దూరంలోనే కొడిగట్టింది. నాన్న రెండోది అంటించాడు.

మొదట పెద్దాయన దగ్గాడు. తర్వాత నాన్న. ఆ తర్వాత నాకు గొంతులో నిప్పు పోసినట్టయింది. కళ్లు తెరవలేం, మూయలేం. ఊపిరి తీస్తే మంట, తీయకపోతే ప్రాణం పోతుంది. పొగ పోవడానికి దారేది అక్కడ! గబ్బిలాలు తలల మీదుగా రెపరెపలాడుతూ పారిపోయాయి. నాన్న కాగడాను బురదలో గుచ్చి ఆర్పేసి, నన్ను చంకనేసుకుని, నాయనమ్మను ఓ చేత్తో లాక్కుంటూ, పెద్దాయన లాంతరు వెంట బయటపడ్డాడు. ఆమె అంతలా దగ్గుతూ కూడా, "ఇంకా ఎంత దూరముందిరా నీళ్లకి?" అని అడుగుతూనే ఉంది.

బయట అమ్మ మజ్జిగతో మా కళ్లు కడిగింది. కాస్త ఊపిరాడగానే నాన్న గుహ అదిరిపోయేలా అరిచాడు. "వడ్ల గోతం తెమ్మంటే మిరగాయల గోతం ఎట్టా వచ్చిందే? ఎవరు తెచ్చారు?" నేను అమ్మ వెనక్కి జరిగాను. ఆ కాస్త సందులో నాయనమ్మ అందుకుంది.

"నేనేరా. పిల్ల ఆటలో ఉంటే నేనే తీసి అరుగు మీద పెట్టా. అటకెక్కడానికి మోకాళ్లు సహకరిస్తే గదా! కిందున్నది తీసిచ్చా."

నాకు బతుకుజీవుడా అనిపించింది. నిజం చెప్పొద్దూ, నాయనమ్మ మీద ప్రేమ కూడా పుట్టుకొచ్చింది. నాన్న తల్లిని ఏమనగలడు? తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

పులిహోర తిన్నాం. పెద్దాయన గుహలోకి తొంగి చూసి వచ్చి, పొద్దు వాలితే లోపలి గాలి బయటికి తిరుగుద్ది, అప్పుడు పొగ పోతుంది, ఉంటే నా లాంతరుతో తీసుకెళ్తా అన్నాడు. నాయనమ్మ గబుక్కున తలెత్తి, "ఉందామురా" అంది. నాన్న ఆమె వంక కోపంగా చూడలేదు, జాలిగా చూశాడు. అదే నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

"అటకెక్కలేనిదానివి ఆ రాళ్లల్లో ఏం పాకుతావే అమ్మా? ఏదన్నా అయితే? అయిందేదో అయింది. చీకటి పడకముందే ఇల్లు చేరదాం" అన్నాడు.

నాయనమ్మ చెప్పిన అబద్ధమే తన కాళ్లకు అడ్డం పడింది మరి. మోకాళ్ల పట్టీలు ఒక్కొక్కటే విప్పి, మడిచి, మూటలో పెట్టుకుంది. వెళ్లి ఆ పాత రాయి మీద, మా చెప్పుల పక్కనే కూర్చుంది. అలవాటైన చోట కూర్చున్నట్టే కూర్చుంది. నాన్న ఎడ్లను కాడికి కట్టడానికి వెళ్లాడు.

అప్పటిదాకా నా తప్పు ఎటో ఎగిరిపోయిందనుకున్నాను. అది ఎటూ పోలేదు. ఆవిడ నెత్తి మీదికి వెళ్లి కూర్చుంది, అంతే. నాకు దెబ్బలు తప్పాయి, ఆవిడకు బిలం తప్పింది. ఇంత లెక్క తొమ్మిదేళ్ల బుర్రకు మాటల్లో తెలిసిందని చెప్పను. కానీ పట్టీలు మడిచిన ఆ చేతులు చూడలేకపోయాను. దెబ్బలు తినడమే తేలికనిపించింది.

బండి దగ్గరికి వెళ్లి నాన్న పంచె పట్టుకుని లాగాను. "నాన్నా, అటకెక్కనిది నాయనమ్మ కాదు. నేను" అన్నాను. ఆ తర్వాత ఏడుపు, దానితో పాటే అచ్చనగాయలు, ఎలుకలు, గింజలు దులపడం అన్నీ కలగాపులగంగా బయటికొచ్చాయి.

నాన్న చెయ్యి పైకి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు, నాయనమ్మ గొంతు వినపడింది. "కొట్టుడు ఇంటికెళ్లాక పెట్టుకోరా. ముందు ఎడ్లు విప్పు." నాన్న ఆమెను చూశాడు, నన్ను చూశాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి నవ్వాడు. "విన్నావుగా మీ నాయనమ్మ మాట! నువ్వే పట్టుకుని తీసుకెళ్లు లోపలికి. జారిందంటే నీ వీపు చీరేస్తా" అని ఎడ్లను విప్పాడు.

పొద్దు వాలాక, పెద్దాయన లాంతరు ముందూ, నాన్న వెనకా, మధ్యలో మేమిద్దరం. నేను నాయనమ్మను పట్టుకున్నానని నా ఉద్దేశం. నిజానికి రెండుసార్లు నేనే జారాను, ఆవిడే పట్టుకుంది. పాకాల్సిన చోట మాత్రం ఆవిడకు బాగా నొప్పెట్టింది. పళ్లు బిగబట్టి, ఆగి ఆగి, "అబ్బా... ఉండు... పద" అంటూ పాకింది. వెనక్కి పోదామా అని నాన్న అడిగితే, "నోర్ముయ్, నీ మూలాన్నే కదరా అప్పుడు ఆగిపోయింది" అంది. ఆ చీకట్లో నలుగురం నవ్వాం.

నీళ్ల దగ్గర పెద్దాయన లాంతరు కింద పెట్టాడు. నీళ్లు కదలకుండా, అడుగు రాళ్లు కనపడేంత తేటగా ఉన్నాయి. నాయనమ్మ చాలాసేపు ఊరికే చూసింది. తర్వాత దోసిలి ముంచి తన నెత్తిన మూడుసార్లు పోసుకుంది. నాలుగో దోసిలి నా నెత్తిన పోసింది. ప్రాణం లేచొచ్చేంత చల్లదనం.

"ఎందుకట్టా చెప్పావు నాయనమ్మా?" అని గుసగుసగా అడిగాను.

"నిన్న నువ్వు పెరట్లో తుమ్ముతుంటే విన్నాలే. ఏ చెత్తో దులుపుతున్నావనుకున్నా. ఇక్కడ పొగ రాగానే తెలిసింది. నీకు దెబ్బలు పడితే చూడలేను గదే."

"మరి నువ్వు?"

"నాదేముంది, నాకు బయట కూర్చోవడం అలవాటేగా" అంది. అని, తడి కొంగుతో నా మొహం తుడుస్తూ, "నువ్వు నోరు విప్పకపోతే ఇవాళ కూడా ఎండిన నెత్తితోనే ఇంటికొచ్చేదాన్ని అమ్మడూ" అంది.

మిరప గోతం తెచ్చి అంత దగ్గు తెప్పించిన నాకు ఆవిడ దణ్ణం పెట్టినంత పని చేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

బయటికి రాగానే ఆవిడ చేసిన మొదటి పని, అమ్మ చంకలోంచి తమ్ముణ్ణి తీసుకోవడం. "నువ్వెళ్లమ్మా, మూటల దగ్గర నేనుంటా" అంది. చీకటి పడుతుందని నాన్న నసిగాడు. "పడితే పడనీ" అని, అమ్మను లోపలికి పంపేదాకా ఊరుకోలేదు. ఆ రాత్రి బండిలో తడవని తల తమ్ముడిదొక్కటే. ఇంటికెళ్లాక కొడతానన్న నాన్న ఆ సంగతే మర్చిపోయాడు, లేదా మర్చిపోయినట్టు ఉన్నాడు.

నాయనమ్మ ఆ తర్వాత రెండు ఎండాకాలాలే ఉంది. నెత్తి ఎండిపోయిన కథ మళ్లీ చెప్పలేదు. ఎవరైనా బిలం మాటెత్తితే, "మా మనవరాలు తీసుకెళ్లింది" అనేది. మిరప గోతం సంగతి మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. అదీ నేనే చెప్పుకోవాలి కాబోలు, ఇదిగో చెబుతున్నాను.

ఇప్పుడు నా మోకాళ్లూ పట్టేశాయి. వంట మాత్రం వదల్లేదు. పోపులో ఎండుమిరపకాయ మాడితే ఇల్లంతా దగ్గు అందుకుంటుంది. ఎవరని ఎవరూ అడక్కముందే, కళ్లనీళ్లు తుడుచుకుంటూ వంటింట్లోంచి గట్టిగా అరుస్తాను, "నేనేనర్రా!" అని. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. వంటింట్లో ఉన్నది నేనొక్కదాన్నే, ఇంకెవరు మాడుస్తారని. నవ్వనీండి. ఆ మాట ఒక్క క్షణం ఆలస్యమైతే నా బదులు ఇంకెవరో చెప్పుల పక్కన రాయి మీదికి వెళ్లి కూర్చుంటారని నాకు ఈనాటికీ భయమే.