గాలి చాలాక ఇవ్వండి సార్

ఓ ప్రైవేటు స్కూల్లో కొత్తగా టీచరునైన ఆ రోజుల్లో నా నోట్లో ఏ మాటకన్నా ముందు 'సారీ' పుట్టేది. వినగడప నుంచి తిరువూరు వచ్చే బస్సులో ఎవరైనా నా కాలు తొక్కితే నేనే సారీ చెప్పేదాన్ని (తొక్కినాయన "పర్లేదమ్మా" అని పెద్దమనసుతో క్షమించేవాడు). "తప్పు ఎవరిదైతేనేం, మనం తగ్గితే పోయేదేముందే?" అనేది అమ్మ. కూలికెళ్లి నన్ను చదివించిన మనిషి. చర్చిలో వాక్యం తర్వాత నాకు ఆవిడ మాటే వాక్యం. దాంతో స్టాఫ్‌రూములో నా పేరు 'సారీ టీచర్' అయిపోయింది.

ఓ మార్చి మధ్యాహ్నం కరెంటు పోయి అందరం ఉక్కకి ఉడికిపోతుంటే హెడ్‌మాస్టరుగారు విసురుగా వచ్చారు. "టెన్త్ బి అటెండెన్స్ రిజిస్టర్ ఏదమ్మా? నిన్న నీ దగ్గరేగా ఉంది? సాయంత్రంలోగా దొరక్కపోతే రేపట్నుంచి రానక్కర్లేదు!" నిన్ననే ఆయన బల్ల మీద పెట్టి, చెప్పి మరీ వచ్చాను. ఆ మాటే అంటే "ఎదురు చెప్తున్నావా?" అన్నారు. మా ఇంట్లో నెలజీతం ఉద్యోగం చూసిన మొదటిదాన్ని నేనే. అది పోతుందనేసరికి సారీ నాలుక చివరికి వచ్చేసింది. గదిలో అందరూ దానికోసమే చూస్తున్నారు, ఆయనతో సహా. అంతలో వంచుకున్న నా ముఖానికి చల్లగా గాలి తగిలింది. కరెంటు వచ్చిందేమోనని తలెత్తాను. రాలేదు. ఆయన తిడుతూ తిడుతూ చేతిలోని అట్టపుస్తకంతో విసురుకుంటున్నారు. అట్ట మీద నా దస్తూరీయే: 'పదో తరగతి, బి.'

సారీని మింగేశాను. చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అన్నాను: "సార్, మీకు గాలి చాలాక ఆ రిజిస్టర్ ఇటిస్తారాండి? హాజరు వేసుకోవాలి."

లెక్కల మేడంకి తాగుతున్న మంచినీళ్లు పొలమారాయి. ఆయన రిజిస్టరు వంక చూశారు, నా వంక చూశారు. "ముందే చెప్పొచ్చుగా?" అని నా చేతికిచ్చి, అక్కడే నిలబడ్డారు (అప్పటికైనా సారీ చెబుతానని!). నేను చెప్పలేదు. చివరికి "సర్లే, పర్లేదు" అని తనే నన్ను క్షమించేసి వెళ్లిపోయారు.

ఇంటికెళ్లి చెబితే అమ్మ అంతా విని, "అండీ అన్నావుగా?" అంది. అన్నానన్నాను. "అయితే చాల్లే" అని నవ్వాపుకుంటూ నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

ఈనాటికీ బస్సులో కాలు తొక్కినవాళ్లకి నేనే సారీ చెబుతుంటాను. ఊరందరికీ ఎన్ని పంచిపెట్టానో లెక్కలేదు. ఆ మధ్యాహ్నం మింగేసిన ఆ ఒక్కటి మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. ఎవరికీ ఇవ్వను.