ఏటవాలు మామయ్య

మా మామయ్య బోర్డులు రాసేవాడు. ఏ బోర్డైనా సరే, అక్షరాలు కుడివైపుకు వాలాల్సిందే. దేవుడే దిగివచ్చి నిలువుగా రాయమన్నా "వేరే పెయింటర్ని చూసుకోండి స్వామీ" అనేవాడు. ఊళ్ళో అందరికీ ఆయన ఏటవాలు మాస్టారు. మనిషి పోయినా ఆ పేరు పోలేదు. పోనివ్వను కూడా.

ఎముకల డాక్టరు ఒకసారి లబోదిబోమంటూ వచ్చాడు.

"విరిగిన కాళ్ళు నిలబెట్టేవాణ్ణి. నా బోర్డే కుంటుతుంటే నా దగ్గరికి ఎవడొస్తాడయ్యా?"

"కుంటడం లేదు డాక్టరుగారూ, పరిగెడుతోంది. అంతా మీ హస్తవాసి."

రోడ్డు పక్కన ఆయన రాసిన 'నెమ్మదిగా వెళ్ళుము' అయితే బస్సులతో పందెం వేసుకునేది.

ప్రతి బోర్డులో సగం అత్తయ్యది, సగం ఆయనది. రెండు నిచ్చెనలు, మధ్యలో ఒకటే రంగు డబ్బా, పైనుంచి ఎడతెగని కీచులాట.

"మీ మోచెయ్యి కాస్త అవతల పెట్టుకోండి!"

"నా సగంలో నా మోచెయ్యి, నీకెందుకే?"

ఒకాయన మూడంతస్తుల బట్టల దుకాణం కట్టాడు. నిలువుగా రాస్తేనే పని ఇస్తానన్నాడు.

"రాయను."

"చేతకాదని చెప్పొచ్చుగా!"

మామయ్య నిచ్చెన ఎక్కి ఒక్క అక్షరం రాశాడు. స్తంభం పాతినట్టు నిలబడింది. దుకాణదారు నోరు తెరిచాడు. అది మూసుకునేలోపే మామయ్య కిరసనాయిలు గుడ్డతో అక్షరం తుడిచేశాడు.

"చేతనవును. రాయను."

అత్తయ్య మెల్లగా అంది: "ఈ ఒక్కటీ మీరే రాసెయ్యండి. నేను కింద రంగులు కలుపుతాను."

"నువ్వు కింద ఉంటే నేనూ కిందే." రెండు నిచ్చెనలూ భుజానికెత్తుకుని బయల్దేరాడు. దుకాణదారు వీధి మలుపుదాకా వెంటపడ్డాడు. "సరేనయ్యా, వాల్చే తగలెయ్యి!"

అత్తయ్యకు అంతకు చాలా ముందే పక్షవాతం వచ్చి తగ్గింది. కుడిచెయ్యి తిరిగొచ్చింది గానీ, కుంచెను నిలువుగా దించుదామంటే మణికట్టు మాట వినేది కాదు. గీత వాలిపోయేది. ఇక కుంచె పట్టనని ఆమె అన్న రోజే మామయ్య అక్షరాలు కూడా వాలాయి. ఒకే బోర్డులో సగం నిలబడి సగం వాలితే జనం ఆమె చేతిని చూస్తారు. మొత్తం వాలితే ఆయన్ని తిడతారు. తిట్లు తినడంలో ఆయనకు మంచి అనుభవం ఉంది.

మొన్న కంప్యూటరు అక్షరాలు తయారుచేసే అమ్మాయి వచ్చింది. పాత బోర్డుల ఫొటోలు పరిచి, మాస్టారి రాతను ఫాంటుగా చేస్తానంది.

"వీటిలో ఆయన రాసిన అక్షరాలు ఏవమ్మా?" అని అత్తయ్యను అడిగింది.

అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. నవ్వేసింది.

"నాకే తెలియడం లేదు తల్లీ. ఎంత మొండిమనిషో చూడు!"

"పోనీ, దీనికి నిలువు రకం కూడా చెయ్యనా? అందరూ అడుగుతారు."

"అడగనీ. చేశావంటే మాత్రం నా గడప తొక్కకు."