చెన్నయ్య పడుగు దగ్గర కాఫీ వాసన

గద్వాల చీరల మూట భుజాన వేసుకుని కృష్ణ దాటే మనుషుల్లో మార్కండేయ ఒకడు. మూట అందరికీ ఒకటే; తలనొప్పి మాత్రం ఇతని సొంతం. పొద్దున కాఫీ పడకపోతే కణతల్లో మగ్గం ఆడేది. ఈ జబ్బు అతనికి రాయచూరులో అంటింది. పట్టు కొనడానికి వెళ్ళి, సత్రంలో జ్వరంతో పడుకుంటే, పక్క చాప మీది యాత్రికుడు జాలిపడి ఒక లోటా కాఫీ తెప్పించాడు. జ్వరం ఆ సాయంత్రమే దిగిపోయింది. కాఫీ దిగలేదు.

ఒంటరిగా తిరిగే మనిషికి తిండి పెద్ద శాస్త్రం. మార్కండేయ దాన్ని కాలినడకన అభ్యసించాడు. ఏ ఊరు చేరినా ముందు చెవి ఒగ్గి వినేవాడు. మగ్గం చప్పుడు వినిపిస్తే ఆ పూటకు దిగులు లేదు. సాలెవాళ్ళ ఇంటికి సాలెవాడు వస్తే నీళ్ళిచ్చి, రొట్టె పెట్టి, ఆ తర్వాతే పేరు అడగడం మర్యాద. అందుకు అతిథి సమర్పించవలసింది గద్వాలలో ఎవరి పిల్ల ఎదిగింది, ఎవరి మగ్గం ఆగింది అన్న వార్తలే. మగ్గం లేని చోట సంత వెతికేవాడు. వనపర్తి సంతలో జములమ్మ అనే ఆవిడ జొన్నరొట్టె కాల్చి, దాని మీద మిరపకారం వేసి, చేతిలోనే పెట్టేది. విస్తరి అడిగినవాళ్ళను సంస్థానం దొరల కింద జమకట్టి కోటకు దారి చూపించేది.

కాఫీ ఇంత సులువుగా దొరికేది కాదు. చాయ్ ఏ మూలనైనా ఉండేది. కాఫీ కావాలంటే కన్నడ సీమ నుంచి వచ్చిన ఏ భట్టుగారో పెట్టిన హోటలు కనిపెట్టాలి. కనిపెట్టినా మార్కండేయ ముందు వాకిట్లోంచి వెళ్ళేవాడు కాదు. వెనక్కి వెళ్ళి, పారబోసిన కాఫీ పిప్పి చూసేవాడు. నల్లగా ఉంటే లోపలికి. వెలిసిపోయి ఉంటే, పొద్దుటినుంచి దాన్ని ఎన్ని విడతలు మరిగించి హింసించారో తలచుకుని, ఆ పిప్పికి ఒక నిట్టూర్పు అర్పించి ముందుకు సాగేవాడు. హోటల్లో లోపలి బల్లలు బ్రాహ్మలవి, వరండా బల్ల తక్కిన లోకానిది. డికాక్షన్‌కు మాత్రం ఈ భేదం ఎవరూ నేర్పలేదు.

ఇంత విద్య గడించినవాడికి పెళ్ళి దగ్గర చిక్కు వచ్చింది. నాగర్‌కర్నూల్ సాలె వీధిలో ముతక చీరలు నేసే చెన్నయ్యకు సుగుణ రెండో కూతురు. మార్కండేయ ఆమెను చూసి, చేసుకుంటే ఈ పిల్లనే అని ఇంట్లో తేల్చి చెప్పాడు. పెద్దల మాటలూ దాదాపు ముగిశాయి. అంతలో, గద్వాల పిల్లవాడు హోటళ్ళలో కూర్చుంటాడట అన్న మాట చెన్నయ్య చెవిన పడింది. ఆ రోజుల్లో అది చిన్న మచ్చ కాదు. హోటలంటే ఇంట్లో పొయ్యి వెలగనివాడో, ఇల్లాలితో పడనివాడో వెళ్ళే చోటు. చెన్నయ్య కబురు పెట్టాడు. పిల్లవాడు వచ్చి తన ఇంట్లో కొన్నాళ్ళుండాలి, నేతా నడతా తను చూడాలి. హోటలు మాట నిజమైతే సంబంధం అక్కడికి సరి.

మార్కండేయ వెళ్ళాడు. మొదటి సాయంత్రం నిర్దోషంగా గడిచింది. సుగుణ తల్లి రామేశ్వరమ్మ రొట్టె, పల్లీల తొక్కు, మజ్జిగ పెట్టింది. అతను మనసారా తిన్నాడు, ముఖస్తుతి కాకుండా మెచ్చుకున్నాడు, ఇక్కడున్నన్నాళ్ళు హోటలు వైపు చూడనని ఒట్టు పెట్టుకుని పడుకున్నాడు. తెల్లవారేసరికి కణతలు ఆ ఒట్టును ఖాతరు చేయలేదు.

సాలె ఇంట్లోంచి పొద్దున్నే మర్యాదగా బయటపడటానికి ఒకటే సాధనం, చెంబు. నీళ్ళ చెంబు పట్టుకుని ఊరి బయటికి నడిచేవాణ్ణి ఎక్కడికని అడిగే ఆచారం ఇంతవరకు ఏ నాగరికతలోనూ పుట్టలేదు. మార్కండేయ చెంబుతో బయలుదేరాడు. వీధి చివర ఒక గోడ చాటున దాన్ని కూర్చోబెట్టి, తాను భట్టు హోటలు వరండాలో కూర్చున్నాడు. కాఫీ వచ్చింది. తాగాడు. లోకం మళ్ళీ నివాసయోగ్యమైంది.

తిరిగి వచ్చేసరికి వీధి లేదు, పడుగు ఉంది. ఆ పొద్దున చెన్నయ్య ఇంటి పడుగుకు గంజి పెడుతున్నారు. నిలువు పోగులన్నీ వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే చుట్టేయాలి. మధ్యలో ఆపితే పోగులు ఒకదానికొకటి అంటుకుని పడుగంతా పాడవుతుంది. అందుకే ఆ దారిన వచ్చిన సాలెవాడెవరైనా ఒక చెయ్యి వేయవలసిందే. మార్కండేయ చెంబు గడప పక్కన దించి, చేతులు ధోవతికి తుడుచుకుని, పడుగుకు ఇవతల నిలబడ్డాడు. అవతల చెన్నయ్య. కాస్త దూరంలో సుగుణ, రామేశ్వరమ్మ తెగిన పోగులు అతుకుతున్నారు.

పోగు తెగితే అటు మనిషి, ఇటు మనిషి తలలు వంచి కొసలు వెతకాలి. ఒక పోగు తెగింది. మామ కావలసినవాడి తల, అల్లుడు కావలసినవాడి తల దగ్గరికి వచ్చాయి. గోడ చాటున చెంబును దాచవచ్చు గాని ఊపిరిని దాచడం కుదరదు. చెన్నయ్య ముక్కు ఒకసారి ఎగిసింది.

"పొద్దుగాల యాడికి వోయినవ్ పిలగా?"

మార్కండేయ గడప వైపు చూశాడు. చెన్నయ్య కూడా చూశాడు. చెంబులో నీళ్ళు అంచు దాకా ఉన్నాయి.

"హోటల్‌కు వోయిన మామా. కాఫీ తాగిన."

పడుగు మీద గంజి తడిగా ఉంది. ఎంత కోపం వచ్చినా చెన్నయ్య కుంచె ఆపడానికి లేదు, ఎంత సిగ్గేసినా మార్కండేయ చెయ్యి తీయడానికి లేదు. కాబట్టి ఆ సంబంధం తెగే మాటలు పడుగు వెంట నడుస్తూ, దువ్వుతూ, గొంతు పెంచకుండా సాగాయి.

"మా ఇంట్ల తిండికి ఏం తక్కువైంది?"

"తిండికి తక్కువ లేదు. అత్త చేసిన అసొంటి రొట్టె నేను ఏ ఊర్ల తినలె. కాఫీ తిండి గాదు మామా."

"తిండి గాకుంటె ఏంది, మందా?"

"మందే అనుకో."

"మందైతె దవాఖానకు వోవాలె. హోటల్ల కూసునుడేంది?"

పడుగు చివరికి వెళ్ళి తిరిగారు. చెన్నయ్య కాస్త చల్లబడ్డాడు. ఇక మీదట హోటలు గడప తొక్కనని ఇక్కడే, పడుగు మీద చెయ్యి పెట్టి మాటిస్తే, జరిగింది మరిచిపోతానన్నాడు. పడుగు మీద ఆడిన మాట తప్పితే ఆ ఇంట నేత సాగదని అతని నమ్మకం. మాట ఇవ్వడం సులువే. చెయ్యి ఎలాగూ పడుగు మీదే ఉంది. అవతల సుగుణ వేళ్ళు పోగుల్లో కదలడం మానేశాయి.

మార్కండేయ ఇంకో మూర దువ్వాడు.

"ఇప్పుడు మాటిస్త మామా. వనపర్తిల దిగంగనే తప్పుత. గది నాకు ఎరికే. ఎరికె ఉండి ఎట్లియ్యాలె?"

"గట్లయితె మూట కట్టుకో," అన్నాడు చెన్నయ్య. కొంత నడిచాక, "పడుగు అయినంక," అని చేర్చాడు.

సంబంధం పోయినవాడికి చేతిలో పని మీద ధ్యాస కూడా పోవాలని లోకం ఎదురుచూస్తుంది. మార్కండేయ మాత్రం మునుపటికంటే శ్రద్ధగా దువ్వాడు. కోపం చెన్నయ్యది గాని పోగులది కాదు అన్నట్టు వంగి, తెగిన కొసలు వెతికి అతికాడు. రామేశ్వరమ్మ మొగుడి పక్కకు వచ్చి ఏదో గొణిగింది. చెన్నయ్య ఆమెను పట్టించుకోలేదు.

అప్పుడు సుగుణ తల ఎత్తకుండానే అంది.

"బావ గూడ మాటిచ్చిండు గద నాయినా, కల్లు ముట్టనని. గీ పడుగు ముంగటనే."

చెన్నయ్య కుంచె ఒక చోట తడబడింది. పెద్దల్లుడు ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు. ఆ పొద్దుకు అతను ఏ కల్లు దుకాణం ముందు ఉంటాడో వీధి మొత్తానికి తెలుసు. పెద్ద కూతురు ఏడుస్తూ పుట్టింటికి వచ్చినప్పుడల్లా చెన్నయ్యే వెళ్ళి అల్లుణ్ణి వెతుక్కొచ్చేవాడు.

పడుగు ఆరింది. ఎండ ఎక్కింది. పడుగు చుట్టారు. మార్కండేయ లోపలికి వెళ్ళి తన మూట బయటికి తెచ్చాడు. చెన్నయ్య చేతులకు అంటిన గంజి కడుక్కుంటూ, అతని వైపు చూడకుండా, ఊరి సంగతేదో చెబుతున్నవాడిలా అన్నాడు.

"మా వీధి చివరి హోటల్ల నలుగురు సూస్తరు పిలగా. సంత అవతల ఇంకోటి ఉన్నది. ఈడికి వచ్చినప్పుడు గాడ తాగు."

అలా పిల్లనిస్తానని చెప్పడం జరిగింది. రామేశ్వరమ్మ మూట అందుకుని లోపల పెట్టింది.

సంత అవతలి హోటలు పిప్పి మార్కండేయ ఎప్పుడో చూసి ఉన్నాడు. అక్కడ కాఫీ అని ఇచ్చేది కాఫీ కాదని, పాత్ర కడిగిన నీళ్ళకు దగ్గరి చుట్టమని మనవి చేయడానికి నోరు తెరిచాడు కూడా. గడపలోంచి సుగుణ చూసింది. మూశాడు.

ఆ ఎండాకాలంలోనే పెళ్ళయింది. మార్కండేయ అత్తగారి ఊరు వెళ్ళిన ప్రతిసారీ, చెన్నయ్య బతికున్నంత కాలం, సంత అవతలి హోటల్లోనే తాగాడు. బాగుందని మాత్రం ఎవరితోనూ అనలేదు.